బడా బజారు పని ముగిశాక ఒక రోజు

మన వైపునించి బరంపురం వెళ్ళే తెలుగువాడికి ఆ ఊరంటే బడా బజారే. రైలు దిగి ఆటో ఎక్కి ఆ పేరు ఒక్కటే చెబుతాడు. పట్టుకు వచ్చినవాడు పట్టు చూస్తాడు, బంగారానికి వచ్చినవాడు బంగారం చూస్తాడు, బాకీ వసూలుకు వచ్చినవాడు బాకీదారు ముఖం చూస్తాడు. ముగ్గురూ సాయంకాలానికి అప్పడాల కట్టా, ఊరగాయ సీసా చంకన పెట్టుకొని స్టేషనులో కనబడతారు. “బరంపురం చూశారా?” అని అడిగితే, “ఓ, ఇరవైసార్లు!” అంటారు. వారు చూచినది ఒక్క బజారునే, అది కూడా సగమే అని నా మనవి.

ఈ మాట అనడానికి నాకు కొంత హక్కు ఉన్నది. 1974లో ఒక మందుల కంపెనీలో చేరి, పాతికేళ్ళకు పైగా నెలకొకసారి బరంపురం తిరిగినవాణ్ణి. అక్కడి మెడికల్ కాలేజీ 1962లో ఏర్పడింది గనుక డాక్టర్లకు కరువులేదు, మాకు పనికీ కరువులేదు. ఉదయం ఆసుపత్రి, మధ్యాహ్నం బడా బజారులో మందుల కొట్లు, సాయంకాలం బండి. మొదటి రెండేళ్ళూ ఇంతే. ఆ బండి కోసం నేను పరుగెత్తినట్టు ఇంకెవరూ పరుగెత్తి ఉండరు.

బజారు సంగతి ముందు చెప్పనివ్వండి. పాత ఊరి నడిబొడ్డున ఉంటుంది. రోడ్డు ఇరుకు, జనం ఎక్కువ. కొట్టు గుమాస్తా ఒడియాలో పలకరించి, మన ముఖం చూచి తెలుగులోకి దిగి, ధర దగ్గరకు వచ్చేసరికి రెండు భాషలూ కలిపేస్తాడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు, అంతవరకూ మద్రాసు రాజధానిలో ఉన్న బరంపురం అటు వెళ్ళింది, మా ఇచ్ఛాపురం ఇటు మిగిలింది. పటం మీద గీత గీశారు గాని, బజారులో ఎవరూ గీయలేదు. రాష్ట్రపతి వి. వి. గిరి గారు 1894 ఆగస్టు 10న పుట్టినది ఈ ఊళ్ళోనే. ఇక్కడి పట్టుచీర అంచున గుడి శిఖరాల వరసలాంటి అల్లిక ఉంటుంది. దాన్ని ‘ఫొడా కుంభ’ అంటారు. మగవాళ్ళ పట్టు జోడు కూడా ఇక్కడ పేరుపడ్డదే. వాటిని నేసే దేరా కులస్థుల పూర్వులు తెలుగుదేశంనించి వచ్చారని ఊళ్ళో చెప్పుకొంటారు.

ఆ నేతపనివారి పెద్దను దేశి బెహెరా అంటారు. ఊరి దేవత బుఢీ ఠాకురాణికి ఆయన తండ్రి వరస. రెండేళ్ళకొకసారి చైత్రమాసం రోజుల్లో అమ్మవారు గుడి విడిచి పుట్టింటికి వస్తుంది. వారాల తరబడి రాత్రిపూట ఊరేగింపులు, ఘటాలు, మొక్కుకొన్నవాళ్ళ పులివేషాలు, దేవతా వేషాలు. ఊరికి ఊరే నిద్రపోదు. ఇంతటి ఊరిని కాపాడే తల్లికే పుట్టింట సెలవు దొరుకుతుండగా, సరుకు సంచీ మోసే గుమాస్తాకు ఒక్క పూట దొరకదంటే నేను నమ్మను. దొరకదని కాదు, అడగడు.

నేనూ అడగలేదు. రైలు తప్పిపోయింది, అంతే. 1976 డిసెంబరులో ఒక డాక్టరుగారి గది బయట ఏడుగంటలదాకా బెంచీమీద కూర్చున్నాను. ఆయన దయతో లోపలికి పిలిచేసరికి నా బండి ఇచ్ఛాపురం దాటి ఉంటుంది. బడా బజారు దగ్గర ఒక లాడ్జిలో పడుకొని, తెల్లవారి ఉప్మా, ఘుగుని తింటూ కొట్టాయన దగ్గర వాపోయాను. మర్నాడు ఆదివారం, ఏ కొట్టూ ఏ ఆసుపత్రీ నాకు పనికిరావు. ఆయన నావైపు జాలిగా చూచి, “రంభ ఎప్పుడైనా చూశారా బాబుగారూ? చూడలేదా? అయితే రైలు తప్పడం మంచిదే అయింది” అన్నాడు.

రంభ బరంపురానికి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్లు. స్టేషను దిగి కొంచెం నడిస్తే చిలికా. నేను సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణే, నీళ్ళు నాకు కొత్త కావు. కాని కొండలు నీళ్ళలోకి దిగివచ్చి మోకాళ్ళు ముంచుకొని కూర్చున్నట్టుండే ఆ చోటు నాకు కొత్త. పడవవాడితో బేరమాడి, నడుమనున్న లంకలదాకా వెళ్ళాను. బెస్తవారు వెదురు బద్దల తడికలు పాతి రొయ్యలు పడుతున్నారు. తల ఎత్తితే పక్షులు. సైబీరియానించి, మంగోలియానించి చలికి తాళలేక వచ్చే బాతులు లెక్కకు అందవు. అవి నళబణ లంక దగ్గర దిగుతాయి. ఆ రోజు నేను ఒక్క సీసా మందు అమ్మలేదు, ఒక్క డాక్టరుకు నమస్కారం పెట్టలేదు. రాత్రి బండిలో కూర్చొన్నప్పుడు మాత్రం, రెండేళ్ళలో మొదటిసారి, వచ్చే నెల టూరు ఎప్పుడా అనిపించింది.

చిలికా గురించి ఇంకొక మాట. 1981లో దానికి రాంసార్ ఒప్పందం కింద గుర్తింపు వచ్చింది. కాని ఆ తరువాత ఇసుక మేటవేసి సముద్రపు ముఖద్వారం పూడుకుపోయింది. ఉప్పు తగ్గింది, చేపా తగ్గింది. 1990ల్లో వెళ్ళినప్పుడు మా పడవవాడు వలకంటె నోరే ఎక్కువ విప్పేవాడు. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. సముద్రం లోపలికి రాగానే చేప, రొయ్య, పీత తిరిగి వచ్చాయి. మాంసాహారులు ఆ లెక్కను రంభలోనే సరిచూసుకోవచ్చు.

ఇక గోపాలపురం. బడా బజారునించి 16 కిలోమీటర్లు. దాని గురించి వ్రాయాలంటే మా నాన్నగారి సంగతి చెప్పక తప్పదు.

ఆయన ఇచ్ఛాపురంలో ఒక బట్టల కొట్టులో సరుకు కొనే గుమాస్తా. 1950నించి 1985దాకా నెలకు రెండుసార్లు బడా బజారు వెళ్ళారు. డబ్బు గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకొని పొద్దుటి బండికి వెళ్ళడం, చీరల మూటతో సాయంకాలం బండికి రావడం. లెక్క కట్టి చూడండి, ఎనిమిదివందల సార్లకు పైమాటే. ఆ ఎనిమిదివందల సార్లలో ఒక్కసారి కూడా గోపాలపురం వెళ్ళలేదు. చిన్నప్పుడు మేము, “మమ్మల్నీ తీసుకెళ్ళి సముద్రం చూపించండి నాన్నా” అంటే, “పనిమీద వెళ్ళేవాడికి సముద్రమెందుకురా?” అనేవారు. మన ఊరి దగ్గర లేదా సముద్రం, అనేవారు. ఆ మాటా నిజమే గనుక మేము ఊరుకొనేవాళ్ళం. పనంటే ఆయనకు అంత శ్రద్ధ అని నేను చాలాకాలం నలుగురికీ గొప్పగా చెప్పుకొన్నాను.

1988లో మా అక్క కూతురి పెళ్ళికి చీరలు కొనవలసివచ్చింది. కొట్టు మానేసి మూడేళ్ళయినా, పట్టు చూడాలంటే ఇంటిల్లిపాదికీ ఆయన వేళ్ళమీదే నమ్మకం. ఇద్దరం వెళ్ళాం. మధ్యాహ్నం రెండింటికల్లా పని అయిపోయింది. ఆయన గొడుగు తీసి స్టేషనువైపు తిరిగారు. “సాయంకాలం బండికి టిక్కెట్లు తీయలేదు నాన్నా, రేపటికి తీశాను. గోపాలపురం వెళదాం” అన్నాను. నన్ను అడగకుండా ఎవరు తియ్యమన్నారు అని నడిబజారులో కోప్పడ్డారు. చీరలు ఎవరు చూస్తారన్నారు. కొట్టులోనే ఉంచి తాళం వేయిస్తానన్నాను. ఇక సాకు దొరకక బస్సెక్కారు. దారిపొడుగునా మాట లేదు.

గోపాలపురం తీరంలో పాత రేవుకట్ట స్తంభాలు కొన్ని నీళ్ళలో నిలబడి ఉంటాయి. వెనుక దీపస్తంభం. ఇసుకమీద తెప్పలు బోర్లించి ఉన్నాయి, వాటి నీడన ఒక ముసలి బెస్త వల బాగుచేసుకొంటున్నాడు. అక్కడి బెస్తపాలెంలో ఇంటిమాట తెలుగే. ఒడియా తీరంలో గోపాలపురంనించి పూరీదాకా సముద్రంమీద బ్రతికే నోళియాలలో చాలామంది మనవాళ్ళే. “ఏ ఊరు బావూ మీది?” అని అడిగాడు ముసలివాడు. మా నాన్న దానికి జవాబు చెప్పకుండా, “రంగం ఓడకు పడవలు ఎక్కడనించి తోసేవారు?” అని అడిగారు.

నేను తెల్లబోయాను. రంగమంటే రంగూను. ఆ రోజుల్లో మన జిల్లాలనించి కూలికీ నాలికీ వేలమంది వెళ్ళిన ఊరు. స్టీమరు ఒడ్డుకు రాలేదు గనుక దూరాన ఆగేది. కెరటాలకు తట్టుకొనే మసూలా పడవల్లో జనాన్ని అక్కడిదాకా చేరవేసేవారు. ముసలివాడు లేచి చెయ్యి చాపి చోటు చూపించాడు. నాన్న అక్కడికి నడిచి వెళ్ళి నిలబడ్డారు. పంచె కుచ్చిళ్ళు తడుస్తున్నా చూసుకోలేదు.

తరువాత ఇసుకలో కూర్చొని చెప్పారు. ఆయనకు పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న, అంటే మా తాత, ఇక్కడనించే రంగం ఓడ ఎక్కాడట. సాగనంపడానికి తల్లీకొడుకులు బండి కట్టించుకొని వచ్చారు. పిల్లవాడు ఏడవకుండా ఉండడానికి తల్లి బెల్లపుండ ఒకటి కొనిపెట్టింది. పడవ కెరటం దాటినాక తాత ఇటు తిరిగి చెయ్యి ఊపాడు. “నా రెండు చేతులా బెల్లపుండ ఉన్నదిరా. నేను ఊపలేదు” అన్నారు నాన్న.

కొన్నేళ్ళు మనియార్డర్లు వచ్చాయి. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూనుమీద బాంబులు వేశారు. 1942లో మనవాళ్ళు లక్షలమంది అడవులవెంట కాలినడకన ఇండియాకు బయలుదేరారు. దారిలో పోయినవాళ్ళకు లెక్క లేదు. తాత దగ్గరనించి మళ్ళీ ఉత్తరం రాలేదు. మా నాయనమ్మ ఎప్పుడు బొట్టు తీసిందో నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. “సాయంకాలం బండికి తొందరపడింది పని ఉండి కాదురా” అని మాత్రం అన్నారు.

ఆ రాత్రి అక్కడే ఉన్నాం. నాలుగింటికి ఆయనే నన్ను లేపారు, తెప్పలు వెళ్ళడం చూద్దామని. చీకట్లో ఆ ముసలివాడి కొడుకులు తెప్పను కెరటంలోకి తోస్తుంటే, డెబ్బైకి దగ్గరపడుతున్న మా నాన్న ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతున్నారు. వాళ్ళు చూడలేదు. వాళ్ళ పని వాళ్ళది. వెలుతురు వచ్చాక టీ తాగి, పెళ్ళికూతురుకని గవ్వల పెట్టె ఒకటి కొన్నారు. ధర దగ్గర బడా బజారు బేరమే ఆడారు.

తరువాత ఆయన బ్రతికినన్నాళ్ళూ, మా వీధినించి ఎవరు బరంపురం బయలుదేరినా “తిరుగు టిక్కెట్టు ఏ రోజుకు?” అని అడగకుండా విడిచేవారు కారు.

ఇప్పటి గోపాలపురం అప్పటిది కాదు. హోటళ్ళు పెరిగాయి, కొంత దూరాన కొత్త రేవు వచ్చింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఇక్కడనే తీరం దాటి, సరుగుడు తోపులను నేలకు పరిచింది. బెస్తపాలెం మళ్ళీ లేచి నిలబడ్డది. ఒక్క హెచ్చరిక: అక్కడి సముద్రానికి లోపలి లాగుడు ఎక్కువ. ఈత వచ్చునని ధైర్యపడేవారు ముందు ఒక బెస్తను తోడు అడగండి, తెలుగులోనే అడగవచ్చు.

నీళ్ళంటే సరదా లేనివారికి జౌగడ చెబుతాను. బరంపురానికి 35 కిలోమీటర్లలోపే, పురుషోత్తపురం దగ్గర, ఋషికుల్యా నది ప్రాంతంలో. అశోకుడు చెక్కించిన బండ అక్కడ ఉన్నది. ప్రాకృత భాష, బ్రాహ్మీ లిపి, రెండువేల రెండువందల ఏళ్ళకు పైబడినది. కళింగ యుద్ధంలో చనిపోయినవారిని తలచి చక్రవర్తి దుఃఖించిన 13వ శాసనం ఇతరచోట్ల ఉండి, కళింగదేశంలో మాత్రం చెక్కలేదు. ఓడినవాళ్ళ ముందు ఆ మాట ఎత్తడానికి మనసు రాలేదేమో. దానికి బదులు ఇక్కడి అధికారులకు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. జనులందరూ నా బిడ్డలవంటివారు, వారిపట్ల విసుగూ తొందరా సోమరితనమూ పనికిరావు అని వాటి సారాంశం.

నాబోటి టూరు ఉద్యోగికి ఆ బండమీద నచ్చే సంగతులు ఇంకా ఉన్నాయి. ఉద్యోగులు అయిదేళ్ళకొకసారి పర్యటనకు బయలుదేరాలి, తమ మామూలు పనులతోబాటు ధర్మం కూడా బోధించాలి అని మూడో శాసనం. పూర్వపు రాజులు వేటాడుతూ విహారయాత్రలు చేసేవారు, నేను వాటిని మాని ధర్మయాత్రలు చేస్తున్నాను అని ఎనిమిదోది. పనిమీద వెళ్ళేవాడు దానికి తోడు ఇంకొకటి కూడా చేసి రావాలని చక్రవర్తే రాతిమీద చెక్కించాడన్నమాట. విహారం మానమన్న భాగాన్ని నేను మా మేనేజరుకు చెప్పలేదు. బండ కిందా మీదా ఏమీ ఉండదు, చిన్న ఊరు, పొలాలు, అంతే. గంట సేపు కూర్చొనే ఓపిక ఉన్నవారే వెళ్ళండి.

అదే దారిలో తారాతారిణి కొండ. 999 మెట్లు. ఎక్కలేనివారికి తీగమీద నడిచే బండి ఉన్నది. చైత్ర మంగళవారాలలో మాత్రం వెళ్ళకండి, పసిపిల్లల పుట్టువెంట్రుకలు తీయించేవాళ్ళతో కొండ కనబడదు. మొక్కు ఉన్నవారిని నేను ఆపలేను.

తప్తపాణి పడమటి కొండల దారిలో సుమారు 50 కిలోమీటర్లు, గంధకపు వేడినీటి ఊట. కీళ్ళనొప్పులవాళ్ళు చలికాలంలో వెళితే సుఖం. ఓపిక ఉంటే ఆ దారినే ఇంకా ముందుకు పోయి చంద్రగిరి చూడండి. 1963లో టిబెట్టు శరణార్థులకు అక్కడ స్థలమిచ్చారు. మొక్కజొన్న పండించుకొంటూ స్థిరపడ్డారు. జీరంగలో వారి పెద్ద విహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. ఇల్లు విడిచి వచ్చినవాళ్ళు ఇల్లు కట్టుకొన్న తీరు చూడడానికే నేను రెండుసార్లు వెళ్ళాను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో పని పడినవారు అదృష్టవంతులు. ఋషికుల్య సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలూ లక్షలుగా వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కొక్క ఏడు అసలు రావు. వస్తే మాత్రం దీపాలు వెలిగించకండి, అటవీశాఖవారు ఎక్కడ ఆపితే అక్కడే నిలబడండి. ఆ తాబేలు పనిమీద వచ్చినది, విహారానికి కాదు.

ఇక ఖర్చుల విషయం. అదనపు రోజు మనది, యజమానిది కాదు. ఆ రాత్రి గది అద్దె, గోపాలపురం బస్సు చార్జీ కంపెనీ పద్దులో వ్రాయకూడదు. వ్రాసిన ఒకాయనను నేనెరుగుదును. పట్టుబడినది ఏడు రూపాయలకు, పోయినది పరువు. పని శుక్రవారం, శనివారాలకు కుదుర్చుకొని, ఆదివారం మిగుల్చుకోవడం అన్నిటికన్నా ఉత్తమం. సరుకు సంచీ, నమూనాల పెట్టె బడా బజారులోనే తెలిసిన కొట్టులో పడవేయండి. వాటిని మోసుకుపోతే చిలికా ఒడ్డున కూడా బాకీలే గుర్తుకు వస్తాయి. ఎండాకాలంలో పగటి తిరుగుడు వద్దు. తిరుగు టిక్కెట్టు బయలుదేరకముందే మర్నాటికి తీసి ఉంచుకోండి, అక్కడ తీద్దామనుకొంటే కాళ్ళు వాటంతట అవే సాయంకాలం బండివైపు నడుస్తాయి. వీలైతే ఇంట్లోవాళ్ళను రెండో రోజుకు రప్పించుకోండి. ఇచ్ఛాపురం, సోంపేట, పలాసలనించి అదెంత దూరం?

నేను ఉద్యోగం చాలించి చాలా ఏళ్ళయింది. బడా బజారులో నాకు ఇప్పుడు ఏ పనీ లేదు. పని లేకుండా ఊరికే విహారానికి వెళ్ళడం మా ఇంటా వంటా లేదు గనుక, ప్రతి శీతకాలమూ ఒక పని కల్పించుకొంటున్నాను: అప్పడాలు రెండు కట్టలు తేవాలి. అవి ఇచ్ఛాపురంలోనూ దొరుకుతాయని మా ఇంటావిడ ఏటా గుర్తుచేస్తూనే, నాతోబాటు తన సంచీ కూడా సర్దుతున్నది.